మోటారు బాగుంటుంది.. సెన్సర్ బాగుంటుంది.. అయినా ట్యాంకు పొంగుతుంది! నీటి పథకాల్లో పీఎల్‌సీల 'రెండు తీగల భాష' సంగతేంటంటే..

బిచ్కుంద (కామారెడ్డి జిల్లా): పొద్దున్నే నల్లా తిప్పితే నీళ్లు రావాలి. బిచ్కుందలో అయినా, బాన్సువాడలో అయినా ఇంట్లోవాళ్లు చూసేది అంతే. కానీ ఆ నీళ్లు నల్లా దాకా రావాలంటే వెనకాల చాలా యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. ట్యాంకులో నీళ్లెన్ని ఉన్నాయో సెన్సర్ చెప్పాలి. మోటారు ఎప్పుడు ఆన్ చేయాలో, ఎప్పుడు ఆపాలో కంట్రోలర్ తేల్చాలి. ఈ మాటలన్నీ చాలా చోట్ల నడిచేది రెండంటే రెండు సన్నటి తీగల మీద. ఆ తీగల మీద నడిచే భాష తేడా కొడితే లక్షలు పోసి కొన్న మోటారు కూడా తప్పు పనే చేస్తుంది. ఇంతకీ ఆ భాష ఏంటి? ఎలా పనిచేస్తుంది? ఎక్కడ దెబ్బతింటుంది?

మంజీరా పరీవాహకంలో యంత్రాల పని

బిచ్కుంద ఉన్నది మంజీరా నది పరీవాహకంలో. ఎగువన సంగారెడ్డి జిల్లాలో సింగూరు జలాశయం, దాని కింద నిజాంసాగర్ ఉన్నాయి. 1923లో పని మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలంలో గేటు ఎత్తాలన్నా, దించాలన్నా మనిషి అక్కడ ఉండాల్సిందే. నీటిమట్టం కొలబద్ద మీద చూసి కాగితం మీద రాసుకోవాల్సిందే.

ఇప్పుడు పరిస్థితి వేరు. సింగూరు నీటిని శుద్ధి చేసి జుక్కల్ ప్రాంత పల్లెలకు పంపే మిషన్ భగీరథ పైపులైన్లు ఉన్నాయి. సాగునీటి కోసం నాగమడుగు లాంటి ఎత్తిపోతల పథకాలు చేపట్టారు. ఇలాంటి పథకాల్లో పంపులు, వాల్వులు, నీటి మీటర్లు, లెవెల్ సెన్సర్లు ఒకచోట ఉండవు. కొన్ని పంపుహౌస్‌లో, కొన్ని ట్యాంకు మీద, మరికొన్ని రోడ్డు పక్కన ఉంటాయి. వీటన్నింటినీ ఒక దారిలో నడిపించే పెట్టె పేరే పీఎల్‌సీ.

అసలు పీఎల్‌సీ అంటే ఏంటి?

పీఎల్‌సీ అంటే ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్. సింపుల్‌గా చెప్పాలంటే ఫ్యాక్టరీలో, పంపుహౌస్‌లో పనిచేయడానికి తయారైన గట్టి కంప్యూటర్. దీనికి సినిమా చూపించడం రాదు, పాట పెట్టడం రాదు. ఒకటే పని వచ్చు. ముందు సెన్సర్లు చూస్తుంది. తర్వాత రాసిపెట్టిన లెక్క ప్రకారం ఆలోచిస్తుంది. ఆపైన మోటారుకో, వాల్వుకో ఆర్డర్ వేస్తుంది. సెకనులో ఎన్నోసార్లు ఇదే పని చేస్తూ ఉంటుంది.

ఇది పుట్టింది అమెరికాలో. 1968లో జనరల్ మోటార్స్ కార్ల కంపెనీకి ఒక చిక్కు వచ్చింది. కారు మోడల్ మారిన ప్రతిసారీ ప్యానెల్‌లోని రిలేలు, వైరింగ్ మొత్తం మార్చాల్సి వచ్చేది. వైర్లు మార్చకుండా ప్రోగ్రామ్ మారిస్తే సరిపోయే యంత్రం కావాలని అడిగింది. డిక్ మోర్లే అనే ఇంజినీర్, ఆయన బృందం కలిసి తయారుచేసిన ఆ యంత్రమే మోడికాన్ 084. అది ఆ బృందానికి 84వ ప్రాజెక్టు కాబట్టి ఆ నంబర్ పెట్టారు.

'సీరియల్' అని ఎందుకంటారు?

వెడల్పాటి రోడ్డు మీద ఎనిమిది మంది పక్కపక్కన నడవొచ్చు. పొలం గట్టు మీద అయితే ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. సీరియల్ కమ్యూనికేషన్ ఆ గట్టు లాంటిది. సమాచారంలోని సున్నాలు, ఒకట్లు ఒకదాని వెనక ఒకటి వరుసగా వెళ్తాయి. ఎనిమిదింటికి ఎనిమిది తీగలు వేయాల్సిన పని లేదు. ఖర్చు తగ్గుతుంది, దూరం పెరుగుతుంది.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటి ఉంది. తీగ వేరు, భాష వేరు. ఫోన్ లైన్ ఒకటే అయినా దాని మీద తెలుగు మాట్లాడొచ్చు, మరాఠీ మాట్లాడొచ్చు. అలాగే ఆర్‌ఎస్-232, ఆర్‌ఎస్-485 అనేవి తీగల మీద కరెంటు ఎలా పోవాలో చెప్పే రూల్స్. మోడ్‌బస్ లాంటివి ఆ తీగల మీద ఏం మాట్లాడాలో చెప్పే భాషలు. వీటినే ప్రోటోకాల్స్ అంటారు.

ఆర్‌ఎస్-232 పాతది. 1960లో వచ్చింది. రెండు యంత్రాల మధ్యే పనిచేస్తుంది, దూరం కూడా దాదాపు 15 మీటర్లే. టేబుల్ మీద ల్యాప్‌టాప్‌ని పీఎల్‌సీకి కలపడానికి ఇది చాలు. పంపుహౌస్ నుంచి ట్యాంకు దాకా వెళ్లాలంటే చాలదు. అక్కడే ఆర్‌ఎస్-485 అవసరం పడింది.

రెండు తీగలు.. 1,200 మీటర్లు.. 32 యంత్రాలు

1983లో వచ్చిన ఆర్‌ఎస్-485 ఇప్పటికీ పరిశ్రమల్లో కనిపిస్తూనే ఉంది. తక్కువ వేగంలో దాదాపు 1,200 మీటర్ల దాకా వెళ్తుంది. మామూలు లెక్కలో ఒకే లైన్ మీద 32 యంత్రాలను కలపొచ్చు.

పెద్ద మోటార్లు, స్టార్టర్లు, వేగం మార్చే డ్రైవ్‌లు ఉన్న చోట గాల్లోనే బోలెడంత విద్యుత్ గందరగోళం ఉంటుంది. మరి అంత సన్నటి తీగ అందులో ఎలా బతుకుతుంది? దీనికి జవాబు తక్కెడలో ఉంది. రెండు పళ్లేల్లోనూ సమానంగా వాన నీళ్లు పడితే ముల్లు కదలదు. ఆర్‌ఎస్-485లో ఏ, బీ అని రెండు తీగలు ఒకదానికొకటి మెలిపెట్టి ఉంటాయి. బయటి గందరగోళం రెండింటి మీదా దాదాపు సమానంగానే పడుతుంది. అవతలి యంత్రం చూసేది రెండు తీగల మధ్య తేడాని మాత్రమే. అందుకే బయటి గోల చాలావరకు కొట్టుకుపోతుంది, అసలు మాట మిగులుతుంది.

లైన్ రెండు చివర్లలో 120 ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టడానికీ కారణం ఉంది. కాలువలో అల వచ్చి మూసిన తూముకు తగిలితే వెనక్కి మళ్లుతుంది. తీగలో సిగ్నల్ కూడా అంతే. చివర్లో దాన్ని మింగేసే రెసిస్టర్ లేకపోతే వెనక్కి తిరిగొచ్చి, ఎదురొచ్చే సిగ్నల్‌తో కలిసి అర్థంకాకుండా చేస్తుంది.

మోడ్‌బస్: బడిలో హాజరు పిలిచినట్టే!

తీగ సిద్ధమైంది. ఇప్పుడు భాష కావాలి. 1979లో మోడికాన్ కంపెనీ తన పీఎల్‌సీల కోసం తయారుచేసిన భాషే మోడ్‌బస్. దాని రూల్స్ అందరికీ తెలిసేలా బయటపెట్టడంతో ఇతర కంపెనీలు కూడా వాడుకోవడం మొదలుపెట్టాయి. 2004లో దాని బాధ్యత మోడ్‌బస్ ఆర్గనైజేషన్ అనే సంస్థకు వెళ్లింది. పుట్టి 45 ఏళ్లు దాటినా ఈ రోజుకీ కరెంటు మీటర్లు, వాటర్ మీటర్లు, మోటారు డ్రైవ్‌లు, సోలార్ ఇన్వర్టర్లలో ఇది ఉంటోంది.

ఇది పనిచేసే తీరు బడిలో హాజరు పిలవడం లాంటిదే. సార్ నంబర్ పిలుస్తారు. ఆ నంబర్ పిల్లాడే జవాబిస్తాడు. మిగతావాళ్లు నోరు మెదపరు. పిలవనిదే ఎవరూ మాట్లాడరు. మోడ్‌బస్‌లో పీఎల్‌సీ సాధారణంగా సార్ స్థానంలో ఉంటుంది. లైన్ మీదున్న ప్రతి మీటర్‌కీ, సెన్సర్‌కీ 1 నుంచి 247 మధ్యలో ఒక నంబర్ ఇస్తారు. ఈ ఇద్దరినీ పాత పుస్తకాల్లో మాస్టర్, స్లేవ్ అన్నారు. 2020 నుంచి మోడ్‌బస్ సంస్థ క్లయింట్, సర్వర్ అనే పేర్లు వాడుతోంది.

ఒక ప్రశ్న.. ఒక జవాబు.. లెక్క ఇదీ

ట్యాంకు మీదున్న లెవెల్ సెన్సర్ నంబర్ 1 అనుకుందాం. పీఎల్‌సీ దాన్ని అడిగే ప్రశ్న తీగ మీద ఇలా వెళ్తుంది: 01 03 00 00 00 01. మొదటి 01 అంటే 'ఒకటో నంబర్, నిన్నే అడుగుతున్నా' అని. 03 అంటే 'నీ దగ్గరున్న లెక్క చదివి చెప్పు' అని. తర్వాతి 00 00 అంటే మొదటి గది నుంచి. చివరి 00 01 అంటే ఒక్క గది చాలు. ఈ గదులనే రిజిస్టర్లు అంటారు. దీని వెనకే సీఆర్‌సీ అనే రెండు బైట్ల తనిఖీ అంకె వెళ్తుంది. మొత్తం 8 బైట్లు.

సెన్సర్ జవాబు ఇలా వస్తుంది: 01 03 02 01 59, వెనక మళ్లీ తనిఖీ అంకె. 02 అంటే రెండు బైట్ల సమాచారం ఉందని. 01 59 అనేది 16 అంకెల పద్ధతిలో రాసిన సంఖ్య. మామూలు లెక్కలోకి మారిస్తే 345. సెన్సర్ సెంటీమీటర్లలో చెబుతుంటే ట్యాంకులో 3.45 మీటర్ల నీళ్లు ఉన్నాయన్నమాట.

దీనికి ఎంత టైమ్ పడుతుంది? సెకనుకు 9,600 బిట్ల వేగంలో ప్రశ్నకు 9 మిల్లీసెకన్లు, జవాబుకు 8 మిల్లీసెకన్లు. మధ్యలో సెన్సర్ ఆలోచించుకునే టైమ్ కలిపినా కన్ను ఆర్పేలోపే అయిపోతుంది. నీళ్ల ట్యాంకుకు ఈ వేగం ఎక్కువే.

దారిలో ఒక్క బిట్ మారినా సీఆర్‌సీ అంకె సరిపోలదు. ప్రశ్నే చెడిపోయి ఉంటే సెన్సర్ దాన్ని వదిలేసి మౌనంగా ఉంటుంది. ప్రశ్న సరిగ్గానే వచ్చి, అడిగిన గది తన దగ్గర లేకపోతే మాత్రం 03 బదులు 83 అని తిరిగి పంపుతుంది. అంటే 'నువ్వు అడిగింది నా దగ్గర లేదు' అని ఎర్రర్ చెప్పినట్టు. ఈ రెండింటికీ తేడా తెలిసిన టెక్నీషియన్‌కి సగం పని తగ్గుతుంది. మౌనం వస్తే తీగల సంగతి, సెట్టింగుల సంగతి చూడాలి. ఎర్రర్ వస్తే తీగలు బాగున్నట్టే, అడిగే ప్రశ్న సరిచేసుకోవాలి.

ఎక్కడ తేడా కొడుతుంది?

లైన్ పనిచేయకపోతే చాలామంది ముందు సెన్సర్ పోయిందంటారు. కొత్తది కొంటారు. చాలాసార్లు అసలు కారణాలు ఇవీ:

- రెండు యంత్రాల వేగం, పారిటీ సెట్టింగులు కలవకపోవడం. ఒకటి 9,600లో, ఇంకొకటి 19,200లో ఉంటే మాట అర్థం కాదు.
- ఇద్దరికి ఒకే నంబర్ ఇవ్వడం. సార్ పిలిస్తే ఇద్దరూ ఒకేసారి అరుస్తారు, ఎవరి మాటా వినిపించదు.
- ఏ, బీ తీగలు తారుమారు కావడం. ఈ పేర్లు పెట్టడంలో కంపెనీలన్నీ ఒకే పద్ధతి పాటించవు. ఒకరి ఏ ఇంకొకరికి బీ అవుతుంది. మార్చి చూస్తే పోయేదేం లేదు.
- లైన్‌ని చెట్టు కొమ్మల్లా నాలుగు వైపులా చీల్చడం. ఆర్‌ఎస్-485 లైన్ ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి దండలా సాగాలి.
- మోటారు పవర్ కేబుల్, సిగ్నల్ కేబుల్ ఒకే పైపులో లాగడం. ఇది తరచూ కనిపించే పొరపాటు. మోటారు ఆగి ఉన్నప్పుడు అంతా బాగుంటుంది, ఆన్ చేయగానే లైన్ పోతుంది.
- పిడుగులు. ఎత్తయిన ట్యాంకు మీద సెన్సర్, కింద దాకా కేబుల్ ఉంటే సర్జ్ ప్రొటెక్టర్, సరైన ఎర్తింగ్ లేకుండా వానాకాలం గట్టెక్కడం కష్టం.

ఇవి కాక లెక్క తప్పులు ఉంటాయి. మాన్యువల్‌లో 40001 అని రాసిన గది, తీగ మీద సున్నా నంబర్‌తో వెళ్తుంది. ఒక్క అంకె అటూ ఇటూ అయితే పక్క గది చదువుతారు. నీటి మట్టం అనుకుని చూస్తే అది ఉష్ణోగ్రత అవుతుంది. పెద్ద సంఖ్యలు రెండు గదుల్లో కూర్చుంటాయి. ఏ గది ముందు, ఏ గది వెనక అన్నది కంపెనీని బట్టి మారుతుంది. గంటకు 100 ఘనపు మీటర్లు అని మీటర్ పంపిన విలువను గదులు తిరగేసి చదివితే స్క్రీన్ మీద సున్నా కనిపిస్తుంది. పైపులో నీళ్లు పారుతూనే ఉంటాయి!

అసలు ప్రమాదం: పాత లెక్కను కొత్తదనుకోవడం

పైన చెప్పిన తప్పులు చాలావరకు బిగించే రోజే బయటపడతాయి. పడనిది ఇంకొకటి ఉంది. లైన్ అంతా బాగా నడుస్తూ, ఒక రోజు మధ్యలో తెగిపోతుంది. ఎలుక కొరకొచ్చు, జేసీబీ తవ్వొచ్చు, కనెక్షన్ వదులు కావొచ్చు. అప్పుడు పీఎల్‌సీ ఏం చేస్తుంది?

చాలా ప్రోగ్రామ్‌లలో చివరిసారి వచ్చిన విలువ మెమరీలో అలాగే ఉండిపోతుంది. ట్యాంకులో 3.45 మీటర్లు ఉన్నప్పుడు తీగ తెగిందనుకుందాం. 4 మీటర్లు దాటితే మోటారు ఆపాలని ప్రోగ్రామ్‌లో రాసి ఉంది. ట్యాంకు నిండిపోతుంది, పొంగుతుంది, కింద వీధిలో నీళ్లు పారతాయి. పీఎల్‌సీ స్క్రీన్ మీద మాత్రం 3.45 అనే కనిపిస్తుంది. మోటారు ఆగదు. మోటారుకి ఏం కాలేదు, సెన్సర్‌కి ఏం కాలేదు, పీఎల్‌సీకి కూడా ఏం కాలేదు. కబురు ఆగిపోయిందన్న సంగతే ఎవరూ చెప్పలేదు.

నిమిషానికి 1,000 లీటర్లు తోడే పంపు అలా అరగంట అదనంగా నడిస్తే 30 వేల లీటర్లు వృథా. మిషన్ భగీరథలో పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల లెక్క పెట్టారు. ఆ లెక్కన అది 300 మంది ఒక రోజు నీళ్లు. అదే తేడా కింది సంపు దగ్గర జరిగితే ఇంకా నష్టం. సంపులో నీళ్లు అయిపోయినా పాత లెక్క చూపిస్తూ ఉంటే పంపు ఖాళీగా తిరిగి వేడెక్కి పాడవుతుంది. వేసవిలో పంపు పోతే బాగుచేసి పెట్టేదాకా ఊరంతా ట్యాంకర్ కోసం బిందెలతో నిలబడాల్సిందే.

దీనికి మందు ఖరీదైనది కాదు. ప్రోగ్రామ్‌లో నాలుగు లైన్లు చాలు. ఇన్ని సెకన్లలో సెన్సర్ నుంచి కొత్త జవాబు రాకపోతే ఆ విలువను నమ్మొద్దు, అలారం మోగించు, మోటారును సేఫ్‌గా ఆపు అని రాయాలి. దాంతో పాటు తీగ మీద ఆధారపడని ఫ్లోట్ స్విచ్ ఒకటి ట్యాంకులో, ఒకటి సంపులో పెట్టి నేరుగా స్టార్టర్‌కి కలపాలి. కబురు రాలేదంటే అంతా బాగుందని కాదు. కబురు రాలేదనే అర్థం. మంచి ప్రోగ్రామ్‌కీ, పనికిరాని ప్రోగ్రామ్‌కీ తేడా అక్కడే తెలుస్తుంది.

కిలోమీటరు దాటితే? అక్కడ ఇంకో గండం

పల్లెకీ పల్లెకీ మధ్య తీగ లాగడం కుదరదు. అలాంటి చోట్ల రేడియో, సిమ్ కార్డు మోడెమ్, ఆప్టికల్ ఫైబర్ వాడతారు. మోడ్‌బస్ మాటలనే ఇంటర్నెట్ పద్ధతిలో మూటగట్టి పంపితే దాన్ని మోడ్‌బస్ టీసీపీ అంటారు. దాని పోర్ట్ నంబర్ 502.

సౌకర్యం పెరిగింది, ముప్పు కూడా పెరిగింది. 1979లో ఈ భాష తయారైనప్పుడు అది ఫ్యాక్టరీ గోడ దాటుతుందని ఎవరూ అనుకోలేదు. అందుకే అందులో పాస్‌వర్డ్ లేదు, నువ్వెవరు అని అడగడం లేదు. సరైన పద్ధతిలో ఆర్డర్ వస్తే యంత్రం పాటిస్తుంది. ఎవరు పంపారన్నది దానికి అక్కర్లేదు.

2000 సంవత్సరంలో ఆస్ట్రేలియాలోని మరూచీ ప్రాంతంలో ఒక మాజీ కాంట్రాక్ట్ ఉద్యోగి రేడియో ద్వారా మురుగునీటి పంపింగ్ స్టేషన్లకు దొంగ ఆర్డర్లు పంపాడు. దాదాపు 8 లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకి, నదుల్లోకి వెళ్లింది. 2024 జనవరిలో ఉక్రెయిన్‌లోని ల్వీవ్ నగరంలో గడ్డకట్టే చలిలో 600కు పైగా అపార్ట్‌మెంట్ భవనాలకు వేడి ఆగిపోయింది. దానికి వాడిన ఫ్రాస్టీగూప్ అనే మాల్‌వేర్ కంట్రోలర్లతో మాట్లాడింది మోడ్‌బస్ టీసీపీలోనే.

అంటే మోడ్‌బస్ వాడొద్దని కాదు. పంపుహౌస్ మోడెమ్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టొద్దని. వీపీఎన్, ఫైర్‌వాల్, ప్రైవేట్ సిమ్ లాంటి ఏర్పాట్లు ఉండాలి. మోడెమ్‌తో పాటు వచ్చిన ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ని మొదటి రోజే మార్చేయాలి.

మిగతా భాషల సంగతి?

మోడ్‌బస్ ఒక్కటే కాదు. జర్మనీలో పుట్టిన ప్రొఫీబస్ కూడా ఆర్‌ఎస్-485 తీగల మీదే సెకనుకు 1.2 కోట్ల బిట్ల దాకా వెళ్తుంది. సీమెన్స్ పీఎల్‌సీలున్న పెద్ద ఫ్యాక్టరీల్లో ఎక్కువ. అలెన్ బ్రాడ్లీకి డీఎఫ్1, మిత్సుబిషికి మెల్సెక్, ఓమ్రాన్‌కి హోస్ట్‌లింక్ అని సొంత భాషలున్నాయి. కార్ల కోసం బాష్ కంపెనీ తెచ్చిన క్యాన్ ఇంకో రకం. కరెంటు సబ్‌స్టేషన్లలో డీఎన్‌పీ3 లాంటివి ఉంటాయి.

వేరే వేరే కంపెనీల సామాన్లు ఒక ప్యానెల్‌లో కలిస్తే అన్నింటికీ వచ్చిన ఉమ్మడి భాషగా ఎక్కువసార్లు మోడ్‌బస్సే పనికొస్తుంది. సరిహద్దు ఊళ్లలో తెలుగు, మరాఠీ, కన్నడ కలగలిసినా సంతలో బేరానికి అందరికీ అర్థమయ్యే మాటలు నాలుగు ఉన్నట్టే.

నేర్చుకునేవాళ్లకు ఇదే అదను

రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనిని టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2024లో ప్రభుత్వం మొదలుపెట్టింది. ఆటోమేషన్ వైపు వెళ్లాలనుకునే కుర్రాళ్లు పీఎల్‌సీ ప్రోగ్రామింగ్‌తో పాటు ఈ సీరియల్ లైన్ల పని కూడా చేతితో నేర్చుకుంటే మంచిది. యూఎస్‌బీ నుంచి ఆర్‌ఎస్-485కి మార్చే చిన్న కన్వర్టర్, పాత ల్యాప్‌టాప్, మోడ్‌బస్ ఉన్న ఒక కరెంటు మీటర్ ఉంటే ఇంట్లోనే ప్రాక్టీస్ చేయొచ్చు. ప్రశ్న పంపి జవాబును బైట్ బైట్‌గా చదివినవాడికి పంపుహౌస్‌లో ప్యానెల్ చూసి భయం ఉండదు.

పంపు ఆపరేటర్లు కూడా ఒక చిన్న పరీక్ష చేయించొచ్చు. ప్యానెల్ బిగించిన కంపెనీ మనిషి వచ్చినప్పుడు, ఆయన ముందే లెవెల్ సెన్సర్ సిగ్నల్ తీగ తీయమని అడగాలి. నిమిషంలోపు అలారం మోగి మోటారు ఆగితే పని సరిగ్గా చేసినట్టు. స్క్రీన్ మీద పాత అంకె అలాగే కూర్చుని మోటారు తిరుగుతూనే ఉంటే మాత్రం, బిల్లు మీద సంతకం పెట్టే ముందు ప్రోగ్రామ్ సరిచేయించుకోవాలి.